పాత బాడీ, కొత్త ఛాసిస్: ఒక మిర్చి పికప్ కేస్ స్టడీ

గుంటూరు మిర్చి యార్డు నుంచి కోల్డ్ స్టోరేజీలకు సరుకు తిప్పే ఒక వ్యాపారి పికప్ ప్రమాదానికి గురై ముందు భాగం నుజ్జయింది. క్యాబిన్, ఇంజను, ముందు ఇరుసు మరమ్మతుకు లొంగవని తేలడంతో బీమా వాళ్లు టోటల్ లాస్ కింద రాసేశారు. రిజిస్ట్రేషన్ రద్దయింది. వెనక ఉన్న మూత బాడీ మాత్రం చూపుకు చెక్కుచెదరకుండా ఉంది. కొద్దికాలం ముందే దాని నేలకు కొత్త చెకర్డ్ ప్లేటు (కాలు జారకుండా గళ్లు తేలిన రేకు) వేయించుకున్నారు కాబట్టి, దాన్ని పాత ఇనుము కింద అమ్మడానికి ఆయనకు మనసొప్పలేదు. అదే కంపెనీ అదే పేరుతో అమ్ముతున్న కొత్త పికప్‌ను క్యాబిన్, ఛాసిస్ వరకే కొన్నారు. పాత బాడీని దించి కొత్త బండి మీద బిగించే పని విజయవాడ జవహర్ ఆటోనగర్‌లోని మా షెడ్డుకు వచ్చింది.

ఆయన వస్తూ వస్తూ రెండు బ్రోషర్లు కూడా తెచ్చారు. ఒకటి పాత బండిది, అంచులు చిరిగి నూనె మరకలతో ఉంది. రెండోది కొత్తది. రెండింటిలోనూ మొత్తం పొడవు దగ్గర పెన్నుతో గీత గీశారు. తేడా 45 మిల్లీమీటర్లు. "రెండు అంగుళాలు కూడా లేదు కదండీ! నాలుగు బోల్టులు విప్పి నాలుగు బోల్టులు బిగించే పనికి ఇంత ఆలోచన దేనికి మేస్త్రి గారూ?" అన్నారు.

బండి పేరును, మోడల్‌ను, మొత్తం పొడవును నమ్ముకుని షెడ్డుకు వచ్చేవాళ్లు తక్కువేమీ కాదు. అందుకే ఈ పనిని మొదటి నుంచి చివరి దాకా రాస్తున్నాను. కంపెనీ పేరు చెప్పడం లేదు. ఏళ్లు గడిచేకొద్దీ కొలతలు మార్చని కంపెనీ లేదు, అది తప్పూ కాదు. బ్రోషర్లలోని ఆ 45 తప్ప, ఈ రెండు బళ్ల కొలతలుగా ఇక్కడ ఇచ్చిన అంకెలన్నీ మా టేపుతో తీసినవే.

మొత్తం పొడవు దేనికి పనికొస్తుంది?

షెడ్డులో స్థలం ఉందో లేదో చూసుకోవడానికి పనికొస్తుంది. బాడీ కట్టేవాడికి అంతకు మించి ఉపయోగం లేదు. మొత్తం పొడవు అంటే ముందు బంపర్ అంచు నుంచి వెనక చివర దాకా ఉన్న దూరం. బంపర్ మూతిని కాస్త గుండ్రంగా మలిచినా, రేడియేటర్‌ను వెనక్కి జరిపినా ఆ తేడా అంతా ఇందులోనే కలిసిపోతుంది. ముందు మూతి తగ్గి రెండు ఇరుసుల మధ్య దూరం, అంటే వీల్‌బేస్, పెరిగితే, మొత్తం పొడవు ఏమీ జరగనట్టే కనిపిస్తుంది. దాన్ని చూసి బాడీ కొలత నిర్ణయించడం, మనిషి ఎత్తు అడిగి చొక్కా కుట్టడం లాంటిది.

మన రాష్ట్రానికి దగ్గరి ఉదాహరణ ఇసుజు డి-మ్యాక్స్. శ్రీసిటీలో 2016 నుంచి తయారవుతున్న బండి అది. రెండో తరం డబుల్ క్యాబ్‌లో (రెండు వరసల సీట్లున్న రకం) వీల్‌బేస్ 3095 మిల్లీమీటర్లు, పొడవు 5295. థాయ్‌లాండ్‌లో 2019లో వచ్చిన మూడో తరంలో వీల్‌బేస్ 3125కు పెరిగింది, పొడవు 5265కు తగ్గింది. బండి 30 మిల్లీమీటర్లు పొట్టిదైంది, ఇరుసులు అంతే మేర దూరం జరిగాయి. బ్రోషర్‌లో మొదటి వరుస మాత్రమే చదివినవాడికి ఇందులో సగం సంగతి తలకిందులుగా అర్థమవుతుంది.

అమెరికా బళ్లలో ఈ తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. షెవర్లే సిల్వరాడో 1500లో వెనక పొట్టి తొట్టి ఉన్న క్రూ క్యాబ్ (అదీ రెండు వరసల సీట్లదే) రకాన్ని చూడండి. 2018 మోడల్ నుంచి 2019 మోడల్‌కు మొత్తం పొడవు 230 అంగుళాల నుంచి 231.7కు, అంటే రెండు అంగుళాల లోపే పెరిగింది. వీల్‌బేస్ మాత్రం 143.5 నుంచి 147.4కు చేరింది. తొట్టి నేల వెడల్పు దాదాపు 7 అంగుళాలు పెరిగింది. పక్కపక్క సంవత్సరాలే, పేరు కూడా అదే. పాతదాని తొట్టికి కుట్టించిన రబ్బరు పరుపు కొత్తదాంట్లో వేస్తే చుట్టూ ఇనుము కనిపిస్తుంది.

వీల్‌బేస్ పెరిగిందని తెలిసినా, అది ఎక్కడ పెరిగిందో తెలియకపోతే మన పని ముందుకు సాగదు. 2022లో వచ్చిన ఫోర్డ్ రేంజర్‌లో వీల్‌బేస్ 3220 నుంచి 3270 అయింది. ఆ 50 మిల్లీమీటర్లు ముందు ఇరుసును ముందుకు జరపడం వల్ల వచ్చినవి. ఎడమ, కుడి చక్రాల మధ్య దూరం కూడా 50 పెరిగింది కాబట్టి తొట్టి వెడల్పు పెరిగింది. అంటే అక్కడ బాడీవాడికి పని పెట్టింది వెడల్పు, వీల్‌బేస్ కాదు. ఇక టయోటా హైలక్స్ డబుల్ క్యాబ్‌లో 2004 నాటి తరానికీ 2015 నాటి తరానికీ వీల్‌బేస్ 3085 దగ్గరే ఉంది. కింద ఛాసిస్ ఫ్రేము మాత్రం కొత్తది. అంకె కదలలేదు కాబట్టి ఏమీ మారలేదనుకోవడానికి కూడా వీల్లేదన్నమాట.

మన చిన్న బళ్లలో టాటా ఏస్ ఈ విషయంలో నెమ్మదస్తురాలు. 2005లో 2100 వీల్‌బేస్‌తో వచ్చింది, తర్వాత ఏస్ గోల్డ్‌గా మారినప్పుడూ ఆ అంకె అదే. దానికి అలవాటు పడ్డ కళ్లతో టాటాదే ఇంకో బండి ఇంట్రాను చూస్తే పొరపాటు తప్పదు. ఆ ఒక్క పేరు కింద వీ10కు 2250, వీ30కి 2450, వీ50కి 2600 వీల్‌బేస్ ఉన్నాయి.

ఏ మోడల్ అని అడిగితే

మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది నంబరు పడిన సంవత్సరం చెబుతారు. డిసెంబరులో తయారై ఫిబ్రవరిలో రిజిస్టరైన బండిని కొత్త సంవత్సరం లెక్కలో వేసుకుంటారు. అమ్మేటప్పుడు అది లాభమే, కొలతలకు మాత్రం చేటు. ఆర్సీలో తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. చాలా కంపెనీల ఛాసిస్ నంబరులో పదో అక్షరం సంవత్సరాన్ని చెబుతుంది. ఎల్ అంటే 2020, ఎం 2021, ఎన్ 2022, పి 2023, ఆర్ 2024. మధ్యలో ఓ, క్యూ కనిపించవు, సున్నాతో కలిసిపోతాయని వాటిని వాడరు. అమెరికాలో అయితే 2019 మోడల్ 2018లోనే షోరూముకు వచ్చేస్తుంది కాబట్టి అక్కడి అంకెలు చదివేటప్పుడు ఆ సంగతి కూడా గుర్తుపెట్టుకోవాలి.

మన దేశంలో రెండు తేదీలను నేను గోడ మీద రాసి పెట్టుకున్నాను. ఒకటి 2020 ఏప్రిల్ 1, బండి పొగ మీద హద్దులు పెట్టే బీఎస్-6 నిబంధనలు అమలైన రోజు. రెండోది 2023 ఏప్రిల్ 1, దాని రెండో దశ మొదలైన రోజు. ఈ తేదీలకు అటూ ఇటూ తయారైన బళ్ల కింద దూరి చూస్తే సైలెన్సర్ వరస మారిపోయి ఉంటుంది. డీజిల్ బళ్లలో పొగ శుద్ధిచేసే డబ్బాలు వచ్చాయి, కొన్నింటికి యూరియా ద్రావణం ట్యాంకు కూడా వచ్చింది. ఇవన్నీ ఛాసిస్ పక్కనే, పాత రోజుల్లో మేము టూల్ బాక్సు వేలాడదీసే చోటే కూర్చున్నాయి. మన వ్యాపారి పాత బండి బీఎస్-4 కాలానిది, కొత్తది 2023 ఏప్రిల్ తర్వాతది. అదే పేరు మీద నిబంధనలు రెండుసార్లు మారాయి.

టేపు చెప్పిన సంగతి

కొలతలు ఎప్పుడూ వెనక ఇరుసు మధ్య నుంచే మొదలుపెడతాం. నేల మట్టంగా ఉన్నచోట రెండు బళ్లనూ నిలిపి, గాలి సరిచూసి, కమాన్ కట్టల (ఇరుసు మీది స్ప్రింగు పట్టీల) సెంటర్ బోల్టు దగ్గర నుంచి దారానికి గుండు కట్టి నేల మీద సుద్దతో గుర్తు పెట్టాం. ఆ గుర్తు నుంచి ముందుకు ఎంత, వెనక్కి ఎంత అన్నదే మాకు కావలసిన లెక్క.

వీల్‌బేస్: పాతది 3000, కొత్తది 3150.
క్యాబిన్ వెనక గోడ నుంచి వెనక ఇరుసు మధ్య దాకా: పాతది 1520, కొత్తది 1600.
ఛాసిస్ రెండు దూలాల బయటి వెడల్పు: పాతది 776, కొత్తది 800.
నేల నుంచి ఛాసిస్ పై అంచు ఎత్తు: కొత్తది 30 ఎక్కువ.
ఛాసిస్ పై అంచు నుంచి క్యాబిన్ కప్పు ఎత్తు: కొత్తది 55 ఎక్కువ.

బ్రోషర్‌లో 45 అని కనిపించిన తేడా కింద, ఇరుసుల మధ్య 150 పెరుగుదల దాగి ఉంది. అందులో 80 క్యాబిన్ వెనక పెరిగింది, మిగతా 70 క్యాబిన్ వైపు పెరిగింది. సీటు వెనక్కి వాలడానికి, డ్రైవరు కాళ్లు చాపుకోవడానికి కంపెనీ ఇచ్చిన చోటు అది. డ్రైవర్లకు మంచిదే. కానీ పాత బాడీని తెచ్చి క్యాబిన్ వెనక పాత ఖాళీతోనే పెడితే, చక్రం బాడీ కింద 80 మిల్లీమీటర్లు వెనక్కి జరుగుతుంది. పాత బాడీలో టైరు పైన అడ్డ దూలం లేకుండా ఖాళీ వదిలారు. లోడుతో గోతిలో పడ్డప్పుడు కమాన్ కట్టలు అణిగి టైరు పైకి లేస్తుంది, ఆ ఖాళీ అందుకే. ఇప్పుడు సరిగ్గా టైరు నెత్తిన ఒక అడ్డ దూలం వస్తోంది. మంగళగిరి దాటేలోపే టైరు కోసుకుపోతుంది.

వ్యాపారి గారిని పిలిచి సుద్ద గీతలు చూపించాను. ఆయన కాసేపు వంగి చూసి, "అయితే బాడీని 80 వెనక్కి జరిపి పెట్టండి" అన్నారు. అలా పెట్టవచ్చు. క్యాబిన్‌కూ బాడీకీ మధ్య అర అడుగు సందు మిగులుతుంది, వానాకాలం ఆ సందులో నీళ్లు, బురద. కంపెనీ ఇచ్చిన చోటు వృథా. నాకు అది నచ్చలేదు, ఆయనకూ నచ్చలేదు.

బాడీ ఆరోగ్యం

దీని గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 2700 పొడవు నేల మీద రెండు మూలల నుంచి మూలలకు టేపు పట్టించాను. ఒక కర్ణానికీ ఇంకో కర్ణానికీ 9 మిల్లీమీటర్ల తేడా. వడ్రంగుల భాషలో మూడు నూళ్లకు కాస్త తక్కువ (నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు). ముందు నుంచి దెబ్బ తగిలినప్పుడు లోపలి టిక్కీలు (మిర్చి బస్తాలు) ఒక్కసారిగా ముందుకు తోసుకొచ్చి ముందు గోడను ఉబ్బించాయి, దాంతో పాటు బాడీ కొంచెం ఒరిగింది. ముందు గోడ కింది వెల్డింగు రెండు చోట్ల విచ్చుకుంది, రంగు కింద కనబడలేదంతే. మూలకు చైను వేసి లాగి సరిచేశాం. ముందు గోడ మాత్రం ఎలాగూ కోసి తీయాల్సిందే. ఈ సంగతి తర్వాత మాకు కలిసొచ్చింది.

పదడుగులు చేద్దామా?

అసలు చర్చ ఇక్కడ జరిగింది. వీల్‌బేస్ 150 పెరిగిందని తెలియగానే వ్యాపారి గారికి కొత్త ఆలోచన వచ్చింది. "ఎలాగూ కోస్తున్నారు కదా, పదడుగులు చేసేయండి. ఇంకో వరస టిక్కీలు పడతాయి." పదడుగులంటే 3050 మిల్లీమీటర్లు. ఆయన అడగడంలో న్యాయం ఉంది. మిర్చి టిక్కీ నలభై, నలభై అయిదు కిలోలు ఉన్నా చోటు చాలా తింటుంది. కాటాకు చేరేసరికి బండి నిండుగా కనిపిస్తుంది, తూకం మాత్రం పరిమితికి లోపలే ఉంటుంది.

నిబంధనల పరంగా చూస్తే అడ్డేమీ లేదు. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 93వ నియమం ప్రకారం వెనక ఇరుసు మధ్య నుంచి బండి చివర దాకా ఉన్న భాగం వీల్‌బేస్‌లో 60 శాతం దాటకూడదు. 3150కి 60 శాతం అంటే 1890. క్యాబిన్ వెనక 60 మిల్లీమీటర్ల సందు వదిలితే బాడీ ముందు అంచు ఇరుసుకు 1540 ముందు ఉంటుంది. 3050 బాడీ అయితే 1510 వెనక్కి వస్తుంది. 48 శాతం. రవాణా శాఖ ఇన్‌స్పెక్టర్ టేపు పెట్టినా తప్పు పట్టడు. ఆటోనగర్‌లో చాలా షెడ్లు ఇక్కడే లెక్క ఆపేస్తాయి.

నేను ఇంకో లెక్క వేస్తాను. సరుకు సమంగా పరిస్తే దాని బరువు బాడీ మధ్యలో ఉన్నట్టు లెక్క. ఆ మధ్య బిందువు వెనక ఇరుసుకు ఎంత ముందుందో చూసి, దాన్ని వీల్‌బేస్‌తో భాగిస్తే ముందు ఇరుసు మీద పడే వాటా తెలుస్తుంది. పాత బండిలో బాడీ మధ్య ఇరుసుకు 110 ముందుంది. 1500 కిలోలు వేస్తే ముందు ఇరుసు మీద 55 కిలోలు పడేవి. కొత్త ఛాసిస్ మీద 3050 బాడీ అయితే మధ్య బిందువు ఇరుసుకు 15 మిల్లీమీటర్లు మాత్రమే ముందుంటుంది. ముందు ఇరుసు మీద పడేది 7 కిలోలు. టన్నున్నర సరుకు మొత్తం వెనక చక్రాల మీదే.

"సమంగా పరిస్తే" అన్నది కాగితం మీది మాట. నిజం ఏమిటంటే ఈ బండి తిరుగు ప్రయాణంలో ఖాళీగా రాదు, ఎరువుల బస్తాలు వేసుకొస్తుంది. డీఏపీ బస్తా 50 కిలోలు. 30 బస్తాలు వేస్తే 1500 కిలోలు, అవి బాడీలో సగం చోటు కూడా తినవు. దించడం సులువని హమాలీలు వాటిని వెనక డోరు దగ్గరే పేరుస్తారు. సరుకు వెనక సగంలోనే ఉందనుకుని మళ్లీ లెక్క వేశాను. పాత బండిలో ముందు ఇరుసు మీద నుంచి 282 కిలోలు లేచిపోయేవి. కొత్తదాని మీద 3050 బాడీ పెడితే 356 కిలోలు లేచిపోతాయి. స్టీరింగు తేలిపోతుంది, తడి రోడ్డు మీద ముందు చక్రాలు బ్రేకు పట్టవు. చట్టం 60 శాతం దాకా ఒప్పుకున్నా, అది లోపల ఏ బస్తా ఎక్కడ పేరుస్తారో చూసి పెట్టిన హద్దు కాదు.

ఈ అంకెలన్నీ షెడ్డు గోడ మీద సుద్దతో రాసి చూపించాను. వ్యాపారి గారు లెక్కల మనిషే కాబట్టి తొందరగా పట్టుకున్నారు. "అయితే ఎంత పెంచితే పాత బండి లాగే ఉంటుంది?" అని ఆయనే అడిగారు. మొత్తం పనిలో నాకు నచ్చిన ప్రశ్న అదే.

జవాబు 2850. వీల్‌బేస్ పెరిగినంతే, 150 మిల్లీమీటర్లు. అప్పుడు బాడీ మధ్య బిందువు ఇరుసుకు 115 ముందుంటుంది, ముందు ఇరుసు మీద మళ్లీ 55 కిలోలు. వెనక సగంలో డీఏపీ వేస్తే లేచేది 285 కిలోలు, పాత బండికి మూడు కిలోల తేడా. ఇరుసు వెనక భాగం 1310, వీల్‌బేస్‌లో 41.6 శాతం. పాత బండిలో అది 41.3. కంపెనీ బాడీ బిల్డర్లకు ఇచ్చే డ్రాయింగులో ఈ ఛాసిస్‌కు అనుమతించిన పొడవుకు కూడా ఇది లోపలే ఉంది.

ఆ 150ని ఎక్కడ కలపాలన్నది తర్వాతి ప్రశ్న. చాలామంది వెనకే అతుకు వేస్తారు, పని సులువు. మేము 80 ముందు, 70 వెనక కలిపాం. ముందు 80 కలిపితే పాత బాడీ ముందు అంచు ఇరుసుకు 1460 దగ్గర ఉండిపోయి, కొత్త గోడ 1540 దగ్గరకు వస్తుంది. వెనక 1240 ఉన్నది 1310 అవుతుంది. అంటే పాత బాడీ అస్థిపంజరం మొత్తం వెనక చక్రాలకు పాత బండిలో ఎలా ఉందో అలాగే కూర్చుంటుంది. టైరు పైన వదిలిన ఖాళీ టైరు పైనే ఉంటుంది. మడ్‌గార్డులు కదల్చనక్కర్లేదు. ముందు గోడ ఎలాగూ కోసేశాం కాబట్టి అక్కడ అతుకు అదనపు పని కాలేదు.

బిగింపు

ఛాసిస్ దూలాల వెడల్పు 24 పెరిగింది కాబట్టి బాడీ కింద పొడుగ్గా వెళ్లే రెండు రన్నర్లనూ చెరో 12 మిల్లీమీటర్లు బయటికి జరపాలి. ఇంత చిన్న తేడాకు వాటిని విప్పడం దేనికని మా కుర్రవాళ్లే గొణిగారు. రన్నరు దూలం నిలువు గోడకు సరిగ్గా పైన కూర్చోకపోతే బరువంతా దూలం పై అంచు మీద పడి, అంచు కిందికి వంగుతుంది. ఒక సీజనులో కనబడదు. మూడో సీజనులో పగులు కనబడుతుంది, అప్పటికి బాడీ కట్టినవాడి పేరు చెడుతుంది.

ఛాసిస్ అంచులకు రంధ్రాలు పెట్టలేదు, వెల్డింగు అంటించలేదు. కంపెనీ ఇచ్చిన బ్రాకెట్లు పాత బండిలో ఉన్నచోట లేవు. మూడు చోట్ల పాత అడ్డ దూలాలకు దగ్గరగా వచ్చాయి, అక్కడ మధ్యలో ముక్క చేర్చాం. మిగతా చోట్ల చెక్క ప్యాకింగు వేసి యూ బోల్టులు బిగించాం. రన్నరు ముందు కొసను ఏటవాలుగా కోశాం. నిలువుగా కోస్తే ఆ కొస దగ్గరే ఛాసిస్ మీద ఒత్తిడి పోగుపడుతుంది. బాడీకి వెల్డింగు చేసినప్పుడల్లా బ్యాటరీ తీగలు విప్పేశాం. బీఎస్-6 బండిలో కంప్యూటర్ పెట్టె ఒకటి కాలిపోతే బాడీ మీద వచ్చిన కూలి దానికి చాలదు.

సైలెన్సర్ వరస దగ్గర రెండు మార్పులు. ఎడమవైపు టూల్ బాక్సు పెట్టే చోట ఇప్పుడు పొగ శుద్ధి డబ్బా ఉంది కాబట్టి బాక్సును కుడివైపు, ఇరుసు వెనక్కి మార్చాం. ఇంకోటి చాలామంది పట్టించుకోనిది. పట్టా తాళ్లు కట్టే కొక్కేలు పాత బాడీకి కింది అంచునే ఉన్నాయి. ఆ డబ్బాలో పేరుకున్న మసిని బండి తనకు తానే కాల్చుకునేటప్పుడు వేడి 550 డిగ్రీలు దాటుతుంది. ఆ పక్కనే నైలాన్ తాడు వేలాడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు, లోపల ఉన్నదేమో ఎండు మిర్చి. ఆ భాగంలో కొక్కేలు తీసేసి పై పట్టీకి వేశాం, డబ్బాకూ బాడీకీ మధ్య రేకు తెర పెట్టాం.

డీజిల్ మూత దగ్గర బాడీ కింది పట్టీ అడ్డం వచ్చింది. చేత్తో మూత తీయవచ్చు, బంకులో గొట్టం మాత్రం ఏటవాలుగా దూరదు. పట్టీకి అరచేయి వెడల్పున గంటు తీసి అంచు మడిచాం. క్యాబిన్ 55 ఎత్తు పెరిగింది కాబట్టి దాని మీదికి చొచ్చుకొచ్చే బాడీ ముందు భాగాన్ని పైకి లేపాల్సి వచ్చింది. ముందు గోడ కొత్తదే కనుక ఆ ఎత్తుకే కట్టాం. నేల 30 ఎత్తు పెరగడం గురించి మాత్రం హమాలీలు మొదటి రోజే గొడవ పెట్టారు. దానికి నా దగ్గర మందు లేదు, వెనక డోరు కింద ఒక మెట్టు వేశాం.

ఆఖరున ఒక పని చేయించాను. బాడీ లోపల రెండు పక్క గోడల మీదా, వెనక ఇరుసు ఎక్కడుందో అక్కడ పై నుంచి కింది దాకా పసుపు గీత కొట్టించాను. బరువు సరుకు వేస్తే ఆ గీతకు ముందు సగం, వెనక సగం ఉండేలా, వీలైతే కాస్త ముందుకే పేర్చమని డ్రైవరుకు చెప్పాం. డబ్బు ఖర్చు లేని పని. ఏ షెడ్డులోనూ ఎందుకు చేయరో నాకు అర్థం కాదు.

కాగితాలు, కాటా

క్యాబిన్, ఛాసిస్ వరకే కొన్న బండికి, నిబంధనల ప్రకారమే ఉందని ధ్రువీకరించే ఫారం 22-ఏలో మొదటి భాగం కంపెనీ ఇస్తుంది, రెండో భాగం బాడీ కట్టినవాడు ఇవ్వాలి. పాత బాడీ అని దాచకుండా, పాత బండి రిజిస్ట్రేషన్ రద్దయిన పత్రం ప్రతిని, మేము చేసిన మార్పుల బిల్లును జతచేశాం. రిజిస్ట్రేషన్ అయిపోయాక పొడవు పెంచాలంటే అది వేరే వ్యవహారం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డొస్తుంది, కంపెనీ ఇచ్చిన స్వరూపాన్ని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు గట్టిగానే చెప్పింది. కాబట్టి కొలతల మీద వాదనంతా నంబరు పడకముందే తేల్చుకోవాలి. ముందు తెలుపు, వెనక ఎరుపు, పక్కల పసుపు రిఫ్లెక్టర్ టేపులు అతికించి తనిఖీకి పంపాం.

నంబరు వచ్చాక బండిని కాటాకు తీసుకెళ్లాం. ముందు చక్రాలు మాత్రమే ప్లాట్‌ఫారం మీద పెట్టి ఒకసారి ఖాళీగా, ఒకసారి 1500 కిలోలు సమంగా పేర్చి తూచాం. రెండుసార్లూ డ్రైవరు సీట్లోనే ఉన్నాడు. ముందు ఇరుసు మీద 60 కిలోలు పెరిగినట్టు చూపింది. ఆ కాటా పదేసి కిలోల మెట్టులో చూపుతుంది కాబట్టి గోడ మీది 55 లెక్క తప్పలేదు. అవే బస్తాలను వెనక సగానికి మార్చి తూచమని వ్యాపారి గారే పట్టుబట్టారు. ఖాళీ బండి కంటే 280 తగ్గింది. ఆయన ఆ చీటీని మడిచి జేబులో పెట్టుకుని, పసుపు గీత గురించి డ్రైవరుకు తనే ఇంకోసారి చెప్పారు.

ఖర్చు విషయానికి వస్తే, కొత్త బాడీకి అయ్యేదానిలో సగానికి కాస్త తక్కువే అయింది. ముందు గోడ దెబ్బతినకుండా ఉండి, వీల్‌బేస్‌లో తేడా లేకుండా ఉంటే ఇంకా తక్కువలో తేలేది. తేడా 150 బదులు 300 ఉండి ఉంటే పాత బాడీని వదిలేయమనే చెప్పేవాణ్ణి.

మిర్చి సీజను ముగిసి యార్డుకు వేసవి సెలవులు ఇచ్చినప్పుడు బండి మళ్లీ వచ్చింది. బిగింపులన్నీ సరిచూస్తే ఎడమవైపు ముందు యూ బోల్టు ఒక్కటి వదులైంది. పొగ శుద్ధి డబ్బా వేడికి దాని కింద చెక్క ప్యాకింగు ఎండి కుదించుకుపోయింది. రేకు తెరను ఇంకో జానెడు ముందుకు పొడిగించి, ఆ ఒక్కచోట చెక్క తీసేసి ఇనుప ప్యాకింగు వేశాం.